వంత గట్టిగా ఉంటే పార్టీ నిలబడుతుంది: జానపద పాటల బృందాన్ని పాతికేళ్ళు నడపడం ఎలా

బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల జానపద బృందం పెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. ఆరు గొంతులు, ఒక డోలక్, ఒక డప్పు ఉండి, శ్రీరామనవమి పందిరి ఒకటి దొరికితే మొదలైపోతుంది. దాన్ని ఐదో ఏడు దాటించడమే కష్టం. పాట ఎత్తే మనిషికి గొంతు దిగినా శ్రుతి దించరు. పాటలన్నీ ఒక్కరి బుర్రలోనే ఉండిపోతాయి. కవర్లో వచ్చిన డబ్బు ఎలా పంచారో మిగతావాళ్ళకు తెలియదు. పార్టీలు (మా వాడుకలో బృందాలే) విడిపోయేది ఎక్కువగా ఈ మూడు చోట్లే.

మనుషులు

ఎనిమిది మంది సరైన లెక్క. పాట ఎత్తేవాళ్ళు (ముందు పాడేవాళ్ళు) ఇద్దరు, వంత (వాళ్ళ వెంట అందుకుని పాడేవాళ్ళు) నలుగురు, డోలక్ ఒకరు, డప్పు ఒకరు. హార్మోనియం వంతలో ఒకరు పట్టుకోవాలి. ఎనిమిది దాటితే తుఫాన్ బండిలో వాయిద్యాలకు చోటుండదు, రెండో బండి పెడితే వచ్చినదాంట్లో సగం డీజిలుకే పోతుంది. ఆరుకు తగ్గితే వంతలో ఒకరికి జలుబు చేసిన రోజున వంతంతా ఒక్కరి మీద పడుతుంది.

పాట ఎత్తేవాళ్ళు ఇద్దరుండాలన్న మాట దగ్గర బేరాలు వద్దు. మంచి గొంతు ఒక్కటే ఉన్నా, రెండో మనిషికి మొదటి ఏడాది నుంచే మూడో వంతు పాటలు ఇవ్వాలి. ప్రతి ఆరో ప్రోగ్రాంలో ఇద్దరూ పాటలు మార్చుకోవాలి. పదేళ్ళ తర్వాత పెద్దాయనకు ఒంట్లో బాగోలేనప్పుడు వెతుక్కుంటే దొరికేది పాట పాడే మనిషే, పార్టీని పట్టి నడిపే మనిషి కాదు.

ఇక వంత. ఈ ప్రాంతపు శ్రోత చెవి బుర్రకథ విని పెరిగిన చెవి. బుర్రకథకుడు షేక్ నాజర్ పుట్టిన పొన్నెకల్లు గుంటూరు జిల్లాలోనే ఉంది. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆ కళలో కథకుడు తంబూర మీటుతూ ఎంత గొప్పగా చెప్పినా, పక్కన ఇద్దరు వంతలు 'తందాన తాన' అని సమయానికి అందుకోకపోతే కథ కూలబడుతుంది. పందిట్లో వెనక వరుసలో కూర్చున్న ముసలాయన గమనించేది కూడా వంతనే. ఎత్తేవాడి గొంతు కాస్త బొంగురుపోయినా ఆయన ఊరుకుంటాడు గానీ, వంత ఆలస్యమైతే లేచి టీకి వెళ్ళిపోతాడు.

శ్రుతి: అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది

పాట ఎంత ఎత్తుకు పోతుందో ముందు చూడండి. మన కోస్తా పనిపాటలు, సువ్వి పాటలు, గొబ్బి పాటలు చాలావరకు ఐదారు స్వరాల్లోనే తిరుగుతాయి. అలాంటి వాటికి ఐదు శ్రుతి (హార్మోనియం మీద ఐదో తెల్లమెట్టును 'స'గా పట్టుకోవడం) పెడితే మగవాళ్ళు మామూలు గొంతులో పాడతారు, ఆడవాళ్ళు అదే వరసను పై స్థాయిలో ఖంగుమనిపిస్తారు. పై షడ్జం (పై 'స') తాకే పాటను ఐదులో పెడితే మాత్రం ఆడగొంతులు కీచుమంటాయి, మగగొంతులు మెడ చాచాల్సి వస్తుంది. అలాంటి పాటలకు ఒకటి శ్రుతి.

ఐదూ ఒకటీ అనే ఈ జోడీలో ఇంకో సుఖం ఉంది. ఒకటి శ్రుతికి పంచమం ('ప') ఐదే. డోలక్ కుడి మూతను ఐదుకు కలిపితే, ఐదు శ్రుతి పాటలకు షడ్జం పలుకుతుంది, ఒకటి శ్రుతి పాటలకు పంచమం పలుకుతుంది. స్టేజీ మీద మళ్ళీ కలపాల్సిన పని లేదు. ఏ రెండు శ్రుతులు పడితే ఆ రెండు పెట్టుకున్న పార్టీలు మధ్యలో మూడేసి నిమిషాలు డోలక్ కొట్టుకుంటూ కూర్చుంటాయి, జనం మాటల్లో పడతారు.

వయసు పెరిగేకొద్దీ జోడీని అర చొప్పున దించాలి, 'అర' అంటే రెండు తెల్లమెట్ల మధ్య నల్లమెట్టు. ఐదు–ఒకటి తర్వాత నాలుగున్నర–ఏడు, ఆ తర్వాత నాలుగు–ఆరున్నర. ఇక్కడ ఏడు, ఆరున్నర అంటే కింది స్థాయివి. డోలక్ లెక్క ప్రతి జోడీలోనూ అలాగే కుదురుతుంది. నాలుగు దాకా వచ్చాక తర్వాతి మెట్టు మూడు. మూడుకీ నాలుగుకీ మధ్య అర లేదు, అలాగే ఏడుకీ పై ఒకటికీ మధ్యా లేదు. ఇది తెలియక హార్మోనియం మీద తడుముకునేవాళ్ళు చాలామంది.

ఎప్పుడు దించాలో తేల్చడానికి ఏటా ఉగాదికి ఒక పరీక్ష పెట్టుకోండి. గొంతు వేడెక్కాక, పాటలన్నిటిలోకీ ఎత్తయిన పంక్తిని ఎత్తేవాళ్ళిద్దరూ ఆపకుండా మూడుసార్లు పాడాలి. ఫోన్లో రికార్డు చేయాలి. మూడోసారి స్వరం కిందికి జారినా, గడ్డం పైకి లేచినా, మాట స్పష్టత పోయినా అర దించేయండి. దించామని జనానికి తెలియదు. దించకపోతే మాత్రం మైకులో అరుపు తెలిసిపోతుంది. పాత క్యాసెట్టులో ఉన్న శ్రుతిలోనే పాడాలన్న పంతం గొంతులకు చేసినంత చేటు దుమ్ము కూడా చేయదు.

ఆడవాళ్ళ గొంతు కూడా నలభై ఐదు, యాభై దాటాక కిందికి దిగుతుంది. అది లోపం కాదు, పై స్థాయి వంత నుంచి మధ్య స్థాయికి మార్చితే సరిపోతుంది. పన్నెండు నుంచి పదిహేనేళ్ళ మగపిల్లలకు గొంతు మారే రోజుల్లో చిడతలో గజ్జెలో ఇచ్చి కూర్చోబెట్టండి. పైస్థాయి పాడించొద్దు.

వంత సాధన

ఎనిమిది దెబ్బల పంక్తి ఒకటి తీసుకోండి. ఎత్తేవాడు ఆరో దెబ్బ దాకా మాట పాడి, చివరి అక్షరాన్ని ఏడు, ఎనిమిది మీద సాగదీస్తాడు. వంతవాళ్ళు ఊపిరి తీయాల్సింది ఏడో దెబ్బ మీద. కొత్తవాళ్ళందరూ చేసే తప్పు, ఎత్తేవాడు పంక్తి ముగించాక ఊపిరి తీయడం. అప్పుడు అర దెబ్బ ఆలస్యంగా అందుకుంటారు. వాళ్ళ కోసం డోలక్ ఆగుతుంది, డోలక్ ఆగిందని డప్పు ఆగుతుంది. నాలుగో చరణానికి వచ్చేసరికి పాట నడక సగం చచ్చిపోతుంది. తప్పు డోలక్ వాయించేవాడి మీద పడుతుంది. అసలు దొంగ ఊపిరి.

దీనికి సాధన సాదాగా ఉంటుంది. మాటలు తీసేసి 'సువ్వి సువ్వి' ఒక్కటే పెట్టండి. ఒకరు చేత్తో ఎనిమిది లెక్కిస్తూ ఏడు దగ్గర వేలు పైకెత్తాలి, ఆ వేలు చూసి వంత నలుగురూ ఒకేసారి ఊపిరి తీయాలి. పది నిమిషాలు. రెండో వారం వేలు తీసేయండి. మూడో వారం ఎత్తేవాడు కావాలని ఒకసారి సాగదీసి, ఒకసారి తుంచి పాడాలి, అయినా వంత చెదరకూడదు.

పల్లవి పొడుగ్గా ఉన్నచోట నలుగురూ ఒకేచోట ఊపిరి తీస్తే పాటలో గుంత పడుతుంది. నలుగురికీ ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లు ఇవ్వండి. ఒకటి, మూడు సగం పంక్తి దగ్గర ఊపిరి తీస్తారు. రెండు, నాలుగు పంక్తి చివర తీస్తారు. వినేవాళ్ళకు వంత ఎక్కడా తెగినట్టుండదు.

కొత్తగా చేరినవాళ్ళు మొదటి ఆరు నెలలు వంతే పాడాలి. ముప్పై పాటలు పుస్తకం చూడకుండా వచ్చాకే ఎత్తడానికి ఒక పాట ఇవ్వండి. గొంతు బాగుందని రెండో నెలలోనే ముందుకు తోస్తే వంత విలువ వాళ్ళకు ఎప్పటికీ తెలియదు.

పాటల పుస్తకం

ప్రతి పాటకూ ఒక పేజీ. మొదటి పంక్తి, పల్లవి, చరణాలు, శ్రుతి, నడక (మూడు లెక్క తిశ్రమా, నాలుగు లెక్క చతురశ్రమా, ఐదు లెక్క ఖండమా), నిమిషానికి ఎన్ని దెబ్బలు, ఎవరు ఎత్తుతారు, వంత ఎక్కడ అందుకుంటుంది. కింద, ఆ పాట ఏ ఊళ్ళో ఎవరి దగ్గర ఏ సంవత్సరం విన్నారో రాయాలి. ఈ చివరి వరసను అందరూ బద్ధకించి వదిలేస్తారు. ఇరవై ఏళ్ళకు 'ఈ పాట మాది' అని ఎవరైనా వస్తే చేతిలో ఉండేది ఈ వరస ఒక్కటే.

దెబ్బల లెక్క ఎందుకంటే, పాటలు ఏటికేడు తెలియకుండా జోరందుకుంటాయి. చప్పట్లు ఎక్కువ వచ్చిన పాటైతే మరీను. 96 దగ్గర మొదలైన దంపుళ్ళ పాట పదేళ్ళకు 120కి చేరితే రోకలి ఎత్తే సమయం కూడా ఉండదు, అది దంపుళ్ళ పాటలా వినిపించడం మానేస్తుంది. ఫోన్లో మెట్రోనోమ్ (దెబ్బలు లెక్కగా కొట్టే యాప్) పెట్టుకుని ఆరు నెలలకోసారి సరిచూసుకోండి.

పదాలు విన్నవి విన్నట్టే రాయండి. 'సరిదిద్ది' పుస్తకభాషలోకి మార్చకండి. శ్రీకాకుళం పాటనో తెలంగాణ పాటనో పాడాలనుకుంటే ఆ యాస ఆ ప్రాంతపు మనిషి నోటి నుంచి నేర్చుకోండి, లేదా ఆ పాట వదిలేయండి. గుంటూరు నోటితో అనుకరించిన యాస వెక్కిరింపులా వినిపిస్తుంది.

కళాజాతలకు (ఊరూరా తిరిగే ప్రచార ప్రదర్శనలకు) కొత్త మాటలు కట్టాల్సి వస్తే, పాత వరసలో ప్రతి పంక్తికీ ఎన్ని మాత్రలున్నాయో (అక్షరాలు పలికే నిడివి) లెక్కపెట్టి అన్నే పెట్టండి. రెండు మాత్రలు ఎక్కువైతే వంత అందుకునే చోటు జరిగిపోతుంది. పథకాల పేర్లు పొడుగ్గా ఉంటాయి, వాటిని పల్లవిలో ఇరికించొద్దు. మధ్య వచనంలో చెప్పి పాటలోకి రండి.

రెండు గంటల ప్రోగ్రాం

పదిహేను పాటలు చాలు. పాట నాలుగైదు నిమిషాలు, మధ్య మాటలు రెండు నిమిషాలు. మొదటి మూడు పాటలు మధ్య నడకలో ఉండాలి. గొంతులు, తోళ్ళు, మైకు సెట్టు అన్నీ కుదుటపడేది అప్పుడే. ఒకే శ్రుతి పాటలన్నీ ఒక గుత్తిగా పెట్టుకోండి. ఎత్తేవాళ్ళలో ఎవరికీ వరసగా మూడు పాటలకు మించి ఇవ్వొద్దు. అప్పగింత పాట పాడాక జనం ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతారు. దాని వెంటనే హాస్యపు పాట పెడితే రెండూ చెడతాయి, మధ్యలో డప్పు దరువు ఒక నిమిషం వేయండి.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలాంటి చోట ప్రభల మైకుల మధ్య సన్నని జోలపాటలు వినిపించవు. అక్కడికి డప్పు పాటలు, కోలాటం పాటలు, హైలెస్సా పాటలు తీసుకెళ్ళండి. తుమ్మలపల్లి కళాక్షేత్రంలాంటి మూసిన హాల్లో అవే పాడితే పది నిమిషాలకు చెవులు మూసుకుంటారు. అక్కడ జోల, లాలి, సువ్వి పాటలు పండుతాయి.

రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నియమం. పండుగల రోజుల్లో అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్రానికి ఏడాదికి 15 రోజులకు మించి లేదు. పిలిచినవాళ్ళు 'ఏం పర్లేదండీ' అంటారు. పోలీసులు వచ్చి ఆపేది మాత్రం పాటని. అనుమతి కాగితం ఫొటో ముందే తీసుకుని, తొమ్మిదీ నలభైకి ఆఖరి పాట ఎత్తేలా పెట్టుకోండి.

తోలు

డప్పు వేప చట్రం మీద మేకతోలు. గాలిలో తేమ పీల్చి సాగుతుంది. కృష్ణ ఒడ్డున, సంక్రాంతి నెల మంచులో అయితే వేడి చేసిన డప్పు పావుగంటలోనే దిగిపోతుంది. కాచేటప్పుడు వరిగడ్డి మంటకు మూరెడు దూరంలో పట్టుకుని తిప్పుతూ ఉండాలి, ఒకేచోట నిలపకూడదు. మూడు నాలుగు నిమిషాల్లో 'దబ్బు' అనేది 'ఖణ్' అంటుంది. అక్కడ ఆపేయండి. ఇంకా కాస్తే అంచుల దగ్గర తోలు పెళుసెక్కి, చిర్ర (లావు కర్ర) దెబ్బ గట్టిగా పడిన చోట చీలుతుంది. చిటికెన పుల్లలు (సన్న పుల్లలు) రెండు జతలు అదనంగా పెట్టెలో ఉండాలి, విరిగేవి అవే.

రెండు డప్పులుంటే ఒకటి వాయిస్తుండగా రెండోది కాచుకోవచ్చు. హాళ్ళలో మంట పెట్టనివ్వరు. స్టేజీ వెనక హాలోజన్ లైటు పెట్టుకుని దాని ముందు తిప్పండి. ప్లాస్టిక్ తోలు డప్పు ఒకటి వాన కోసం ఉంచుకోవచ్చు, చప్పుడు పలచగా ఉంటుంది గానీ ప్రోగ్రాం ఆగదు.

డోలక్‌ను బండి డిక్కీలో ఎండలో వదిలేస్తే మే నెల బెజవాడ వేడికి ఎడమ మూత లోపల పూసిన మందు కరిగి జారుతుంది, గుమికి (లోతైన నాదం) బదులు బొంగురు వస్తుంది. ఎప్పుడూ మనుషులతో పాటు సీట్లో పెట్టండి. వాయించడం అయ్యాక కుడి మూత కాస్త వదులు చేసి సంచిలో పెట్టండి, బిగువుతోనే ఉంచితే తోలు చీలొచ్చు.

మైకు

వంత నలుగురికీ నాలుగు మైకులు అడగొద్దు. రెండు చాలు. అర్ధచంద్రాకారంలో నిలబడి మైకుకు అడుగు, అడుగున్నర దూరంలో పాడితే నలుగురి గొంతులూ గాలిలోనే కలుస్తాయి. ఎవరి మైకు వాళ్ళకిస్తే ఆపరేటర్ చేతిలో ఒక గొంతు పైకి, ఒకటి కిందికి పోతుంది. ఎత్తేవాళ్ళు మైకుకు రెండు మూడంగుళాల్లో ఉండాలి. పై స్వరం వచ్చినప్పుడు మైకును కాక తలను వెనక్కి తీసుకోవాలి.

హాల్లో డప్పుకు మైకు అవసరమే లేదు. ఆరుబయట అయితే మూడడుగుల దూరంలో పెట్టాలి. మానిటర్ పెట్టె మైకు వెనక వైపుకు చూస్తుండాలి, పక్కనుంచి పెడితే కూత మొదలవుతుంది. మైకు సెట్టు వాళ్ళు జానపదం అనగానే ఎకో పెంచుతారు, ఎందుకో వాళ్ళకే తెలియాలి. ఎకో పూర్తిగా తీయించి, పల్లవి ఒకసారి పాడి చూపించండి. మాట వినపడని జానపదం ఎవరికీ అక్కర్లేదు.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. అక్కడి స్వర పరీక్షకు వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. స్టూడియో గది ప్రతిధ్వని మింగేస్తుంది, మీ గొంతు మీకే పలచగా వినిపిస్తుంది. దాంతో అందరూ అరుస్తారు, శ్రుతి పైకి పోతుంది. నాలుగు రోజుల ముందు నుంచి పరుపులున్న గదిలో, కిటికీలు మూసి, సగం గొంతుతో సాధన చేయండి.

గొంతు

ప్రోగ్రాంకు ముందు పదిహేను నిమిషాలు మూసిన నోటితో 'మ్' అంటూ కింది స్థాయి నుంచి మొదలుపెట్టండి. ఆ తర్వాతే నోరు తెరవాలి. ప్రోగ్రాం రోజు మధ్యాహ్నం గోంగూర, మిరపకాయ బజ్జీలు వద్దంటే గుంటూరులో ఎవరూ వినరు. కనీసం పాటకు మూడు గంటల ముందు ముగించండి, పులుపూ కారమూ గొంతులోకి ఎగదన్నితే పై స్వరం గీరుకుపోతుంది. రోహిణి కార్తెలో సాధన పొద్దున ఏడింటికి ముందే పెట్టుకోవాలి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే మిరియాల పాలు ఆపి చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌కు చూపించండి.

డబ్బు, కాగితాలు

పద్దు అదే రాత్రి, బండిలోనే, అందరి ముందూ రాయాలి. ఉదాహరణకు 30,000 వస్తే ముందు బండి, భోజనాలు, తోళ్ళ ఖర్చు 5,000 తీసేయండి. మిగిలిన 25,000ను పది వాటాలు చేయండి. ఎనిమిది మందికి ఎనిమిది, వాయిద్యాల నిధికి ఒకటి, ఫోన్లూ కాగితాలూ చూసే మనిషికి అదనంగా ఒకటి. పాట ఎత్తేవాళ్ళకు ఎక్కువ వాటా ఇవ్వాలా అన్నది ప్రతి పార్టీలోనూ వచ్చే గొడవ. మా మాట, ఇవ్వొద్దు. వంతకు తక్కువ ఇచ్చిన రోజు నుంచీ వంత తక్కువగానే పాడుతుంది.

బయానా లేకుండా తేదీ ఖాయం చేయకండి. ప్రభుత్వ ప్రచార కార్యక్రమాలకు డబ్బు నెలల తరబడి ఆలస్యం కావచ్చు. ఉత్తర్వు కాగితం, ప్రోగ్రాం ఫొటో, ఊళ్ళో సంతకం మూడూ ఒకే ఫైల్లో ఉంచండి.

2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదుకు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టించండి. నిబంధనల్లో ఒక వరస తప్పకుండా రాయించండి: సభ్యుడు వెళ్ళిపోతే బృందం పేరు, పాటల పుస్తకం, రికార్డింగులు ఎవరి దగ్గర ఉంటాయి అన్నది. స్నేహంగా ఉన్న రోజుల్లోనే ఇది రాసుకోగలరు.

పరంపరగా వచ్చిన పాట ఎవరి సొత్తూ కాదు. పేరున్న కవి రాసిన పాటకు మాత్రం ఆయన పోయాక కూడా 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. మీ పాత క్యాసెట్టే అయినా, రికార్డింగు హక్కు దాన్ని తీసిన కంపెనీ పేర ఉండొచ్చు. యూట్యూబులో పెట్టే ముందు అప్పటి ఒప్పంద కాగితం తీసి చదవండి.

పాత క్యాసెట్లు

ముప్పై ఏళ్ళ కిందటి టేపును తీయగానే వాయించొద్దు. ముందు చివరిదాకా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిప్పాలి, చుట్టలు అంటుకుని ఉంటాయి. టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే మంచి ప్లేయర్లో పెట్టకండి, బూజు మిగతా క్యాసెట్లకు అంటుతుంది. మధ్యనున్న చిన్న స్పంజి ముక్క ఊడిపోతే శబ్దం మసకబారుతుంది. పాడైన వేరే క్యాసెట్టు డొల్లలోకి టేపు మార్చుకుంటే సరి. ప్రతి క్యాసెట్టుకూ ముందు ప్లేయర్ హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవాలి.

వేవ్ ఫైలుగా, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించండి. నిమిషానికి సుమారు 17 ఎంబీ, అరవై నిమిషాల క్యాసెట్టుకు ఒక జీబీ పడుతుంది. ఎంపీత్రీ తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. పాత ప్లేయర్ వేగం తేడాగా ఉంటే పాట శ్రుతి మారిపోతుంది. ఆ రికార్డు చేసిన రోజుల్లో ఆ పాటను ఏ శ్రుతిలో పాడేవారో తెలిస్తే దానితో హార్మోనియం పెట్టి సరిచూడండి, తర్వాత దించిన శ్రుతితో కాదు. రెండు కాపీలు రెండు ఇళ్ళలో, మూడోది వంతలో అందరికన్నా చిన్నవాళ్ళ దగ్గర పెట్టండి.